ఒక కట్ట విడాకులు

తుమ్మరవలసలో తవిటినాయుడి ఇంట్లో నలుగురు మనుషులు, నాలుగు తలకాయలు. ఆ తలకాయల లోపల ఏముందని మాత్రం నన్నడక్కండి. ఇంటిపెద్ద తవిటినాయుడు, ఆయన పెళ్ళాం అసిరమ్మ, కొడుకు పోలినాయుడు, కోడలు గవరమ్మ. కొండ మీద అడ్డాకులు కోసుకొచ్చి, వెదురు పుల్లలతో విస్తళ్ళు కుట్టి సంతలో అమ్మడం వాళ్ళ పని. కుట్టే పని చేతులది కాబట్టి బతికిపోయారు. తలకాయలే చెయ్యాల్సి వస్తే నలుగురూ పస్తులే.

అలాగని వాళ్ళకి తమ మీద అనుమానమేమీ లేదు. ఊరు మొత్తం మీద బుర్ర ఉన్నది తమకేనని వాళ్ళ నమ్మకం.

"జనం మాట ఒకటి వింటారు, అర్థం ఇంకోటి చేసుకుంటారు. మనింట్లో అలా కాదు. మాట ఎలా ఉంటే అలాగే పట్టుకుంటాం," అని తవిటినాయుడు విస్తరి కుడుతూ కుడుతూ చెప్పేవాడు. మిగతా ముగ్గురూ తలలూపేవాళ్ళు.

ఓసారి పక్కింటి నూకాలమ్మ సంతకి వెళ్తూ, "నాయుడూ, నా ఇల్లు కాస్త కనిపెట్టుకుని ఉండు," అంది. అంతే. నాయుడు ఊరి చివరి దాకా వెళ్ళాడు. అక్కణ్ణుంచి ఒక్కో ఇల్లూ తేరిపార చూసుకుంటూ వచ్చాడు. నూకాలమ్మ ఇంటి ముందు ఆగి, "ఇదిగో, కనిపెట్టేశాను," అన్నాడు. ఆయన అలా కనిపెడుతున్నంతసేపూ రెండు కుక్కలు ఆ ఇంట్లో దూరి చేపల కూర తింటూ ఉన్నాయి. సాయంత్రం నూకాలమ్మ వచ్చి నోటికొచ్చినట్టు తిట్టింది. నాయుడు ఏమీ బాధపడలేదు. "ఈసారి ఇంకా తొందరగా కనిపెడతాలే, దారి తెలిసింది," అన్నాడు.

ఇలాంటి ఇంట్లో ఒక మంగళవారం గవరమ్మ పొయ్యి మీద బెండకాయ పులుసు పెట్టింది. నీళ్ళకి వెళ్తూ మొగుడితో, "పులుసు చూస్తూ ఉండు," అంది. పోలినాయుడు పీట వేసుక్కూచుని చూశాడు. పులుసు ఉడికింది, చూశాడు. ఇగిరింది, చూశాడు. మాడింది, పొగొచ్చింది, కుండ నడిమికి పగిలింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా రెప్ప వెయ్యకుండా చూశాడు. గవరమ్మ బిందెతో వచ్చేసరికి పొయ్యిలో పెంకులు తప్ప ఏమీ లేవు.

"చూస్తూ ఉండమన్నానుగా," అంది.

"ఒక్క క్షణం కూడా కన్ను తిప్పలేదు. మాడడం ఎక్కడ మొదలైందో కూడా చెప్పగలను, అడుగు," అన్నాడు వాడు.

గవరమ్మ బిందె దించి అత్త దగ్గరికి వెళ్ళింది. "అత్తా, నీ కొడుకుతో నేను వేగలేను," అని కళ్ళొత్తుకుంది.

అసిరమ్మ ఆలోచించింది. కోడలు వేగలేకపోతోంది. ఏదైనా వేగలేదంటే నూనె చాలలేదన్న మాట. ఇంకేముంది, ఉట్టి మీద నుంచి నువ్వుల నూనె జాడీ దించి సగం కోడలి నెత్తిన, సగం కొడుకు నెత్తిన కుమ్మరించింది. "ఇప్పుడు వేగండి," అంది. నూనె కళ్ళలోకి కారి గవరమ్మ ఇంకా ఏడ్చింది. అత్త కూడా ఏడ్చింది. ఆవిడ ఏడుపు నూనె అయిపోయినందుకు.

ఊళ్ళో పెద్దమనిషి సన్యాసిరావు మాస్టారు. బడి నుంచి రిటైరై పదేళ్ళయినా పంతులు బుద్ధి పోలేదు. ఎవరు ఏ మాటన్నా ఆ మాట ఎక్కణ్ణుంచి పుట్టిందో చెప్పందే ఆయనకు అన్నం అరగదు. తవిటినాయుడు వెళ్ళి, కొడుకూ కోడలూ సరిగా వేగడం లేదని, నూనె పోసినా లాభం లేకపోయిందని చెప్పుకున్నాడు. మాస్టారు నూనె సంగతి పట్టించుకోలేదు. "కొత్త కాపురం, నలుగురి మధ్యా కుదరడం లేదేమో. కొన్నాళ్ళు వేరు కాపురం పెట్టించు. వాళ్ళే సర్దుకుంటారు," అన్నాడు.

ఏ చెట్టు వేరో మాస్టారు చెప్పలేదు. అది ఆయన పొరపాటే అనుకున్నాడు నాయుడు. పెరట్లో పనస చెట్టుంది. మంచి వేళ్ళున్న చెట్టు. నలుగురూ పలుగులు తీసుకుని మూడు రోజులు దాని చుట్టూ తవ్వారు. నడుం లోతు గొయ్యి అయింది. లోపల మనిషి తొడంత లావు వేళ్ళు తేలాయి. ఒక వేరు మీద కుండలు సర్దారు. ఒక వేరు మీద చాప పరిచారు. రెండు వేళ్ళ మధ్య పొయ్యి పెట్టారు. పోలినాయుడినీ గవరమ్మనీ గోతిలోకి దింపి, "ఇక మీరే సర్దుకోండి," అన్నారు.

గవరమ్మ కుండల్ని అటు సర్దింది, ఇటు సర్దింది. "సర్దాను అత్తా. ఇరుగ్గా ఉంది గానీ చల్లగా ఉంది," అంది గోతిలోంచి.

రెండు రోజులు బాగానే గడిచింది. మూడో రోజు పగలు, వేరు కాపురం ఎలా ఉందో చూడ్డానికి అత్తామామలు కూడా గోతిలోకి దిగారు. గవరమ్మ మంట పెంచి వంకాయ కూర చేసింది. పొయ్యికి అటూ ఇటూ ఉన్న వేళ్ళు మూడు రోజులుగా కాలుతున్నాయని ఎవరూ చూడలేదు. కూర దింపగానే పైన ఏదో పెళపెళమంది. అంతే. పనస చెట్టు అలా ఒరిగి, తిన్నగా వెళ్ళి ఇంటి కప్పు మీద పడుకుంది. సగం ఇల్లు నేలమట్టం. మనుషులెవరికీ దెబ్బ తగల్లేదు. నలుగురూ గోతిలో ఉన్నారు గదా.

"చూశావా," అన్నాడు తవిటినాయుడు పెళ్ళాంతో. "వేరు కాపురం పెట్టబట్టి బతికాం. ఇంట్లో ఉంటే ఏమయ్యేవాళ్ళం?"

ఈ మాట మాస్టారికి కృతజ్ఞతగా చెప్పొద్దామని వెళ్ళాడు. మాస్టారు వచ్చి, ఇల్లు చూసి, గొయ్యి చూసి, ఒళ్ళంతా మట్టి కొట్టుకుని నిలబడ్డ గవరమ్మని చూసి మండిపడ్డాడు. "మీతో ఏ ఆడపిల్ల కాపురం చేస్తుందయ్యా? ఆ పిల్లకి విడాకులైనా ఇచ్చి పంపెయ్యండి, బతికిపోతుంది," అని విసురుగా వెళ్ళిపోయాడు.

ఆయన కోపంలో అన్నాడు. వీళ్ళు ఆనందంగా పట్టుకున్నారు. ఇల్లు కూలితే కూలింది, ఆకులకి తమ ఇంట్లో ఏం కొదవ?

"విడాకులంటే విడి ఆకులు," అని తవిటినాయుడు అందరికీ అర్థం చెప్పాడు. "కుట్టినవి పనికిరావు. విడివిడిగా ఉండాలి."

పోలినాయుడు మర్నాడు పొద్దున్నే కొండెక్కాడు. మామూలుగా చేతికందిన ఆకు కోసుకొచ్చే మనిషి, ఆ వేళ ఎండలో తిరిగి తిరిగి లేత ఆకులు ఏరాడు. చిల్లున్న ఆకు తియ్యలేదు, మచ్చున్న ఆకు తియ్యలేదు. ఇంటికొచ్చి తడిగుడ్డతో ఒక్కోటీ తుడిచాడు. ఏ రెండూ అంటుకోకుండా ఆరబెట్టి, కట్ట కట్టి, గవరమ్మ నెత్తి మీద పెట్టాడు. "మీ నాన్నకి చూపించు. ఇలాంటివి ఈ చుట్టుపక్కల ఎవరూ ఇవ్వరు," అన్నాడు.

గవరమ్మ మురిసిపోయింది. పెళ్ళయ్యాక మొగుడు తనకోసం ఏరి తెచ్చిన వస్తువు అదే మొదలు. రెండు కోసుల దూరం మెడ తిప్పకుండా నడిచి పుట్టింటికి చేరింది.

తండ్రి సింహాద్రి వాకిట్లో నాగలి చెక్కుతున్నాడు. భార్య పోయిన దగ్గర్నుంచి ఒక్కడే ఉంటున్నాడు. "ఏంటమ్మా, చెప్పాపెట్టకుండా వచ్చావు?" అన్నాడు.

"విడాకులిచ్చారు నాన్నా," అంది గవరమ్మ నవ్వుతూ.

సింహాద్రి చేతిలోంచి బాడిస జారిపోయింది. తువ్వాలు నోట్లో కుక్కుకుని గొల్లుమన్నాడు. తండ్రి ఎందుకేడుస్తున్నాడో కూతురికి తెలీలేదు. "ఏడవకు నాన్నా. చూడు, ఎంత లేతగా ఉన్నాయో. మీ అల్లుడే దగ్గరుండి తుడిచి ఇచ్చాడు."

"తుడిచి మరీ ఇచ్చాడా," అని సింహాద్రి ఇంకో విడత ఏడ్చాడు.

కట్టలో కాగితం ఉందేమోనని వెతికాడు. ఆకులు తప్ప ఏమీ లేవు. నాలుగు రోజులు కూతురి మొహం చూస్తూ కూచున్నాడు. గవరమ్మకి బెంగా లేదు, బాధా లేదు. ఆ ఆకుల్లో అన్నం తినమంటే మాత్రం ససేమిరా అంది. రోజూ పొద్దున్నే వాటి మీద నీళ్ళు చిలకరించి నీడలో పెట్టేది. ఐదో రోజుకి ఆకులు వడిలాయి. అప్పుడు గవరమ్మ మొహం కూడా వడిలింది.

"నాన్నా, ఇవి పాడైపోతున్నాయి. నేను వెళ్ళి కొత్త విడాకులు తెచ్చుకుంటాను," అంది.

సింహాద్రి ఇక ఊరుకోలేదు. కర్ర తీసుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని తుమ్మరవలస వచ్చాడు.

సగం కూలిన ఇంటి ముందు, మిగిలిన అరుగు మీద తవిటినాయుడూ అసిరమ్మా ఆకులు ముందేసుకుని కూచున్నారు. పెద్ద ఆకు దొరికితే ఇద్దరూ చెరో కొసా పట్టుకుని నడిమికి చింపి, ఆ సగాలు విస్తరి అంచుకి అతుకు వెయ్యడం వాళ్ళ పద్ధతి. సింహాద్రి వచ్చేసరికి అదే పనిలో ఉన్నారు. పోలినాయుడు ఓ మూల గోడకి చేరబడి ఉన్నాడు. నాలుగు రోజులుగా వాడు సరిగా తినలేదు. ఎందుకు తినబుద్ధి కావడం లేదో వాడికి తెలీదు. పళ్ళు నొప్పేమోనని అసిరమ్మ లవంగం పెట్టింది.

"బావా, ఏం తప్పు చేసిందని నా కూతురికి విడాకులిచ్చావు?" అన్నాడు సింహాద్రి.

"తప్పు చేస్తే ఎందుకిస్తాం బావా? మంచి పిల్ల కాబట్టే ఇచ్చాం," అన్నాడు తవిటినాయుడు. "చాల్లేదా? నువ్వేం మొహమాటపడకు. నీక్కూడా ఓ కట్ట ఇస్తాను."

"నాకెందుకయ్యా విడాకులు?"

"ఇంటికొచ్చిన వియ్యంకుణ్ణి ఉత్త చేతులతో పంపుతామా? అసిరీ, బావకి విడాకులు పట్రా."

అసిరమ్మ ఆదరంగా ఓ కట్ట తెచ్చి సింహాద్రి చేతిలో పెట్టింది. సింహాద్రి ఆ కట్టతోనే వియ్యంకుడి నెత్తిన ఒక్కటేశాడు. కర్ర ఎత్తాడు. అరుపులకి జనం మూగారు. ఎవరో పరిగెత్తి మాస్టారిని తీసుకొచ్చారు.

మాస్టారు వచ్చి కట్ట చూశాడు, సంగతి విన్నాడు. కర్ర దింపించాడు. అందర్నీ చాప మీద కూచోబెట్టి తానూ కూచున్నాడు. ఓ మాట అర్థం చెప్పే అవకాశం వచ్చింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"విడాకులంటే కట్టలు కట్టి ఇచ్చేవి కావయ్యా. మా తాత చెప్పేవాడు. వెనకటి రోజుల్లో మొగుడూ పెళ్ళాం పొసగక విడిపోదామనుకుంటే పెద్దల ముందుకొచ్చేవాళ్ళు. పెద్దలు ఎంతో చెప్పి చూసేవాళ్ళు. వినకపోతే ఓ ఆకు తెప్పించేవాళ్ళు. ఈ కొస అతను, ఆ కొస ఆమె పట్టుకుని లాగితే ఆకు రెండుగా చిరిగేది. అక్కడితో వాళ్ళ బంధం తీరిపోయినట్టు. అలా విడిపోయిన ఆకులే విడాకులు. ఇప్పుడు ఆకు పోయి కాగితమొచ్చింది, మాట మాత్రం మిగిలింది. సింహాద్రీ, ఇక్కడ ఆకు చిరగలేదు. నీ కూతురి కాపురానికి వచ్చిన లోటేమీ లేదు."

సింహాద్రి గుండె మీద చెయ్యేసుకుని ఊపిరి పీల్చాడు. కూతురి తల నిమిరాడు. ఆ ఇంట్లో ఇంకో మాట వినే ఓపిక లేక, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ఊళ్ళో జనం కూడా తలో దిక్కూ సర్దుకున్నారు. మాస్టారు కూడా లేచి వెళ్ళిపోయి ఉంటే ఎంత బాగుండేది. ఎండన పడి వచ్చాడు గదా, కాస్త అలుపు తీర్చుకుందామని అక్కడే కూచున్నాడు.

అసిరమ్మ తన చేతిలో ఉన్న సగం ఆకు వైపు చూసింది. మొగుడి చేతిలో ఉన్న సగం ఆకు వైపు చూసింది.

"మాస్టారూ, ఏ ఆకైనా ఒకటేనా?"

"ఏ ఆకైతేనేం."

"అడ్డాకైనా?"

"అడ్డాకైనా."

"ఎన్ని చింపాలి బాబూ?"

"ఒక్కటి చాలు," అన్నాడు మాస్టారు కళ్ళు మూసుకుంటూ.

అంతే. అసిరమ్మ గబుక్కున కొంగు తల మీదికి లాక్కుంది. "ఈయన్ని పెళ్ళాడిన మర్నాడే చింపాను బాబూ. ఆ రోజు నుంచి రోజుకి యాభై తక్కువ కాకుండా చింపుతున్నాం. ఎవరో పరాయి మగాణ్ణి ఇంట్లో పెట్టుకుని ఇన్నేళ్ళు వండిపెట్టాను."

తవిటినాయుడు చాప మీంచి జరిగి నేల మీద కూచున్నాడు. చేతులు జోడించాడు. "అమ్మా, తెలీక ఉండిపోయాను. ఏమీ అనుకోకండి."

"పర్లేదు బాబూ. తమరిది ఏ ఊరు?" అంది అసిరమ్మ.

"ఈ ఊరేనండి. దాహంగా ఉంది, కాసిన్ని నీళ్ళిప్పిస్తారా?"

అసిరమ్మ ముంత తెచ్చి, చేతికివ్వకుండా దూరంగా నేల మీద పెట్టింది. ఆయన తాగి, కళ్ళనిండా నీళ్ళతో ముంత మళ్ళీ దూరంగా పెట్టాడు. ముసలి వయసులో ఈ కొత్త మనుషుల పలకరింపులు వాళ్ళకి మహా కష్టంగా ఉన్నాయి.

"మరి నేనెవర్ని?" అని పోలినాయుడు అడిగాడు. వాడికి ఇంకో సంగతి గుర్తొచ్చింది. "గవరీ, మనం కూడా చింపాం. కొండ కింద, పందెమేసుకుని."

గవరమ్మ మొహం పాలిపోయింది. విడాకుల కట్ట మోసుకెళ్ళినప్పుడు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. "నాకు విడాకులొద్దు. నువ్వే కావాలి," అని వాడి ముందు కూలబడింది.

"ఇక మీదట పులుసు వైపు కన్నెత్తి కూడా చూడను. నువ్వెళ్ళకు," అన్నాడు పోలినాయుడు.

నలుగురూ ఒక్కసారి రాగం అందుకున్నారు. మాస్టారు కునుకు పట్టబోతూ ఉలిక్కిపడ్డాడు. చిరిగిన ఆకులకి వేరే అర్థముందని చెప్పబోయాడు గానీ, ఆ మొహాలు చూసేసరికి ఆయనకి నీరసమొచ్చింది.

"చిరిగిన ఆకుని మీరేం చేస్తారు?" అన్నాడు.

"కుడతాం," అన్నారు నలుగురూ ముక్కు ఎగబీలుస్తూ.

"అయితే కలిపి కుట్టేసుకోండి. పీడా పోతుంది," అని మళ్ళీ గోడకి చేరబడి కళ్ళు మూసుకున్నాడు.

ఇంకేముంది, అసిరమ్మ కళ్ళు తుడుచుకుని దబ్బనం తీసింది. గోనెసంచులు కుట్టే పురికొస ఎక్కించింది. నలుగురూ ఒకరి పక్కన ఒకరు చాప మీద ఒత్తుకుని కూచున్నారు. ముందు తవిటినాయుడి పంచెని తన చీరకి కుట్టింది. "అమ్మయ్య, ఏవయ్యో, నువ్వేనా," అని మొగుణ్ణి గుర్తుపట్టింది. తర్వాత కొడుకు పంచెని కోడలి చీరకి కుట్టింది. మిగిలిన కొసల్ని ఒకదానికొకటి కుట్టింది. చెయ్యి తిరిగిన పనిమంతురాలు గదా, కుట్టు కుట్టుకీ ముడి వేసింది. పురికొస ఇంకా మిగిలితే, చాప చివర పరుచుకుని ఉన్న బట్ట ఎవరిదో చూడకుండా దాన్ని కూడా కలిపేసింది. అది మాస్టారి పంచె.

కాసేపటికి మాస్టారు లేచాడు. ఆయనతో పాటు నలుగురూ లేచారు.

సంగతి తెలుసుకుని ఆయన కత్తెర అడిగాడు. నలుగురూ ఒక్కసారిగా వెనక్కి జంకారు. "ఆకు చిరిగితేనే అంత పనయింది. గుడ్డ కోస్తే ఇంకేమవుతుందో, వద్దు మాస్టారూ," అన్నాడు తవిటినాయుడు. పళ్ళతో కొరకబోతే పోలినాయుడు ఆయన గడ్డం పట్టుకుని బతిమాలాడు. పంచె విప్పేసి పోదామంటే ఆయనది పరువైన ఇల్లు. చేసేది లేక, ఇంటి దగ్గర కత్తిపీట ఉంది గదా అనుకుని బయల్దేరాడు. ఆయన వెనక తవిటినాయుడు, అసిరమ్మ, పోలినాయుడు, గవరమ్మ. ఊరంతా వాకిళ్ళలోకి వచ్చి చూసింది. ఊరు నవ్వుతుంటే మెచ్చుకుంటున్నారనుకుని ఆ నలుగురూ ఎదురు నవ్వారు.

మాస్టారి భార్య వరహాలమ్మ తలుపు తీసింది. పన్నెండు గంటలకి వండిన అన్నం నాలుగింటి దాకా చల్లారబెట్టుకుని కూచున్న మనిషి. మొగుణ్ణి చూసింది. వెనక తోకలా నిలబడ్డ నలుగుర్నీ చూసింది.

"ఎక్కడివీ కోతులన్నీ?" అన్నట్టు ఆవిడ కళ్ళెర్రజేసేలోపు అసిరమ్మ ముందుకు వంగి నవ్వింది. "మేం ఐదుగురం కలిసిపోయామమ్మా. మాస్టారే చెప్పి కుట్టించారు. తమరికి కూడా చోటుంది." అని దబ్బనం చూపించింది.

వరహాలమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "అఖ్ఖర్లేదు. ఆయన్ని కూడా మీరే ఉంచుకోండి," అని ధడాల్న తలుపేసింది.

అంతే. నలుగురూ వెనక్కి తిరిగారు. మాస్టారు తిరక్క తప్పలేదు. ఇప్పుడు గవరమ్మ ముందు, ఆయన చివర. ఇంట్లోకి కొత్తగా ఒక మనిషి వస్తున్నాడని అసిరమ్మ సంబరపడుతూ, రాత్రికి ఏ కూర ఇష్టమో అడిగింది.

"అది మాట వరసకన్నదయ్యా, మాట వరసకి," అని మాస్టారు తలుపు వైపు చెయ్యి చాచి మొత్తుకున్నాడు.

తవిటినాయుడు ముందున్న కొడుకునీ కోడల్నీ చూశాడు. తనకి సరిగ్గా ముందున్న పెళ్ళాన్ని చూశాడు. ఎవరూ పక్కకి జరగలేదని రూఢి చేసుకుని, "వరసలోనే నడుస్తున్నాం మాస్టారూ. తమరే కాస్త వెనకబడుతున్నారు," అని పురికొస పట్టుకుని లాగాడు.